కుక్క కంట్లో స్టెరాయిడ్ చుక్కలు: ముందు రంగు పరీక్ష చేయించండి

మీ పగ్ కన్ను ఎర్రబడి నీరు కారుతోందని, మందుల షాపులో ఇచ్చిన చుక్కల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉందని రాశారు. అది వేయొచ్చా, కళ్లు కారుతున్న మీ పిల్లికీ అదే సరిపోతుందా అని అడిగారు. ప్రస్తుతానికి రెండింటికీ వేయకండి. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియాకి పుండు పడలేదని డాక్టరు చూసి చెప్పాకే ఆ మందు మాట.

స్టెరాయిడ్ అంటే భయపడి చెప్పడం లేదండి. మా జర్మన్ షెపర్డ్‌కి ఇవాళ చూపు నిలిచిందంటే ఆ చుక్కల వల్లే. దానికి పానస్. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కార్నియా మీద పడే జబ్బు, ఆ జాతిలో ఎక్కువ. కంటి బయటి మూల నుంచి గులాబీ రంగు కండ లాంటిది నల్లగుడ్డు మీదికి పాకుతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది. పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంచుకోవాలంతే. ప్రెడ్నిసోలోన్ అసిటేట్ 1 శాతం చుక్కలతో మొదలుపెట్టి, కండ తగ్గేకొద్దీ డాక్టరు గారు చెప్పినట్టే మోతాదు దించుకుంటూ వచ్చాం. ఎండ తగిలితే ఈ జబ్బు పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం పూట దాన్ని చేల గట్ల మీదికి వదలం.

ఓసారి దాళ్వా మాసూళ్లప్పుడు, కోత మిషన్లు తిరిగి ఊరంతా పొట్టు ఎగురుతున్న రోజుల్లో, అది ఒక కన్ను గట్టిగా మూసేసి ముందు కాలితో రుద్దుకోవడం మొదలుపెట్టింది. రోజూ వేసే మందే కదా అని ఇంకో చుక్క వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు నారింజ రంగు కాగితపు పట్టీని సెలైన్‌తో తడిపి కంటికి తాకించారు. కన్ను కడిగి, గదిలో లైట్లు ఆర్పి నీలం లైటు వేశారు. నల్లగుడ్డు మీద గోటితో గీరినంత గీత పచ్చగా మెరిసింది. మత్తు చుక్క వేసి, కుక్కలకి కంటి లోపలి మూలలో ఉండే మూడో రెప్ప ఎత్తి చూస్తే వరి పొట్టు ముక్క ఇరుక్కుని ఉంది. స్టెరాయిడ్ అక్కడికక్కడే ఆపించేశారు. యాంటీబయాటిక్ చుక్కలు రాసి, గోక్కోకుండా మెడకు గరాటు లాంటి కోన్ పెట్టించారు. పుండు మానిందని అదే రంగు పరీక్షతో తేల్చుకున్నాకే పానస్ మందు మళ్లీ మొదలుపెట్టించారు.

ఆ రంగు పేరు ఫ్లోరిసిన్. బాగున్న కార్నియాకి అంటదు, పైపొర ఊడిన చోట మాత్రమే పట్టుకుంటుంది. ఈ పరీక్ష కోసం నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. పుండు మీద స్టెరాయిడ్ పడితే పైపొర మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్‌ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, కార్నియాని కరిగించే ఎంజైములు విజృంభిస్తాయి. పుండు లోతుకు దిగి కంటికి చిల్లు పడొచ్చు. ఈలోగా పైకి ఎరుపు మాత్రం తగ్గుతుంది! మందు పనిచేస్తోందని మనం సంబరపడుతుంటే లోపల కన్ను పాడవుతూ ఉంటుంది. పగ్, షిట్జూల కళ్లు బయటికి ఉబికి ఉంటాయి, కొన్నింటికి నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. అందుకే వాటికి పుండ్లు తేలిగ్గా పడతాయి.

పిల్లి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పిల్లుల్లో కళ్లకలకకి ఎక్కువగా కారణం ఇన్ఫెక్షనే, అందులోనూ హెర్పిస్ వైరస్. చిన్నప్పుడు సోకి నరాల్లో దాక్కుని, ఒత్తిడిలో మళ్లీ లేస్తుంది. స్టెరాయిడ్ దాన్ని లేపుతుంది. మీ పిల్లి తుమ్ముతూ కూడా ఉంటే ఈ అనుమానం గట్టిగా పెట్టుకోండి. కంటి లోపలి వాపు లాంటి కొన్ని జబ్బుల్లో పిల్లికీ స్టెరాయిడ్ అవసరమే, కానీ అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

షాపులో ఇచ్చే చాలా చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసే ఉంటుంది. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లూరోమెథోలోన్, లోటెప్రెడ్నోల్, డైఫ్లూప్రెడ్నేట్: సీసా మీద ఇందులో ఏది కనిపించినా పక్కన పెట్టండి. నొప్పి, వాపు తగ్గించే కీటోరోలాక్ స్టెరాయిడ్ కాకపోయినా పుండు ఉన్నప్పుడు అదీ మంచిది కాదు. ఆముదం, చనుబాలు పోయమని చెప్పేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు, వాళ్ల మాట వినకండి.

మన తేమ వాతావరణంలో గోమార్ల బెడద ఎక్కువ కదా, వాటి వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం కూడా కుక్క కంటి లోపల వాపు తెస్తుంది. అలాంటప్పుడు చుక్కలొక్కటే చాలవు, రక్త పరీక్ష చేయించాలి.

డాక్టరు స్టెరాయిడే రాస్తే నిశ్చింతగా వాడండి. ప్రెడ్నిసోలోన్ అసిటేట్ సీసా అడుగున మందు పేరుకుంటుంది, బాగా కుదపాలి. ఇంకో చుక్కల మందు కూడా ఉంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగండి. బాగుందని మీ అంతట మీరు ఆపేయొద్దు, వాపు తిరగబెడుతుంది. కుక్కకి షుగర్ ఉంటే ముందే చెప్పండి. చుక్కల మందు కొంత ఒంట్లోకీ వెళుతుంది, కాబట్టి చిన్న జాతుల్లో దాహం, మూత్రం పెరిగితే డాక్టరుకి చెప్పాలి.

వెళ్లేదాకా శుభ్రమైన సెలైన్‌తో కన్ను కడిగి, మెడకు కోన్ పెట్టి ఉంచండి. కన్ను తెరవలేకపోతున్నా, నల్లగుడ్డు మీద పువ్వు వేసినట్టు తెల్లగానో నీలంగానో కనిపించినా రేపటి దాకా ఆగకండి. దగ్గర్లో రంగు పరీక్ష లేదంటే కాకినాడో రాజమండ్రో వెళ్లండి. షాపులో ఇచ్చిన ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి. ఇప్పటికే వేసి ఉంటే ఎప్పుడెప్పుడు, ఎన్ని చుక్కలు వేశారో డాక్టరుకి దాచకుండా చెప్పండి.