చేయి పట్టుకున్నా విడిపించుకుంటున్నారు

ప్రశ్న: మావారికి 61 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగి ఎనిమిది నెలలైంది. పీఎస్‌ఏ పరీక్ష (ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) బాగానే ఉందన్నారు. కానీ అంగస్తంభన లేదు, దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోంది. వేరే గదిలో పడుకుంటున్నారు. చేయి పట్టుకున్నా విడిపించుకుంటున్నారు. నా మీద ఇష్టం పోయిందా? ఈ వయసులో ఇలా అడగడమే తప్పేమో.

జవాబు: తప్పు ఎంతమాత్రం కాదు. ఏ వయసులోనైనా భర్త చేయి విడిపించుకుంటే మనసు కష్టపడుతుంది. మీ ఉత్తరం చదివితే, ఆయన పారిపోతున్నది మీ నుంచి కాదని నాకు అనిపిస్తోంది. మీరు ఆప్యాయంగా భుజం మీద చేయి వేసినా, అది కలయికకు పిలుపేమో, తన వల్ల కాదేమో అని ఆయన బెదిరిపోతూ ఉండవచ్చు. మూత్రం పీల్చుకోవడానికి పెట్టుకునే ప్యాడ్ మీ చేతికి తగులుతుందేమో, వాసన వస్తుందేమో అన్న సిగ్గు కూడా ఉంటుంది. అందుకే ముద్దు, కౌగిలి, పక్కన పడుకోవడం అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

అంగస్తంభనకు కావలసిన నరాలు ప్రోస్టేట్ గ్రంథికి రెండు పక్కలా, దాన్ని ఆనుకునే ఉంటాయి. వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసినా చాలాకాలం మొద్దుబారి ఉంటాయి. కోలుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. కొందరిలో మునుపటిలా కాకపోవచ్చు కూడా. ఎనిమిది నెలలకే ఇక ఇంతేనని తేల్చుకోవద్దు. వీర్యం మాత్రం ఇక రాదు. అయినా అంగం గట్టిపడకుండానే భావప్రాప్తి కలగవచ్చు. చాలామంది మగవారికి ఈ సంగతే తెలియదు.

రాత్రి పడకగదిలో కాకుండా, పగలు ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి. ‘ఈ వయసులో మనకు అవన్నీ ఎందుకు, ఫర్వాలేదు’ అని మాత్రం అనకండి. మీరు ఓదార్పుగా అన్నా, తనను పక్కన పెట్టేశారని ఆయనకు వినిపిస్తుంది. ‘మీరు నన్ను తాకకపోవడం కష్టంగా ఉంది. కలయిక సంగతి కొన్నాళ్లు వదిలేద్దాం, నా పక్కన పడుకోండి’ అనండి. పక్క మీద ముదురు రంగు తువ్వాలు పరచుకుంటే, ముందే మూత్రానికి వెళ్లి వస్తే సగం బెరుకు తగ్గుతుంది. కటి కండరాల (మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల) వ్యాయామం రోజూ చేస్తే లీకేజీ చాలామందిలో క్రమంగా తగ్గుతుంది.

తర్వాతి పరీక్షకు యూరాలజిస్ట్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. అంగస్తంభనకు మాత్రలు, వాక్యూమ్ పంపు, ఇంజెక్షన్లు, చివరకు ఆపరేషన్‌తో అంగంలో అమర్చే ఇంప్లాంట్ దాకా మార్గాలున్నాయి. మాత్రలు పనిచేయకపోతే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఆ మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారికి వీటివల్ల రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆయన తిండి, నిద్ర, ఇతరులతో మాటలు కూడా తగ్గించేసి ఉంటే అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు వచ్చే పరీక్ష వరకు ఆగకుండా ఇప్పుడే మానసిక వైద్యుడికి చూపించండి.