మొదటి కెమెరా చేతికొచ్చాక ముందు ఏం నేర్చుకోవాలి?

18-55 కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే జూమ్ లెన్స్) మొదటి కెమెరా కొన్నారు, ఎక్కువగా ఇంట్లోవాళ్లనే తీస్తామన్నారు. ఆటో మోడ్‌లో తీస్తుంటే ఫోన్ ఫొటోలే నయం అనిపిస్తోంది, ఇంట్లో తీసినవి చాలావరకు బ్లర్ అవుతున్నాయి. మాన్యువల్ మోడ్ నేర్చుకోవాలా, లేక ముందు లెన్స్ మార్చాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దనే చెబుతాను. ఒక ఫొటో బాగా రాకపోతే ఎందుకు రాలేదో ఎవరినీ అడక్కుండా మీరే చెప్పగలగాలి. ముందు అక్కడిదాకా రండి. నేను ఫొటోగ్రఫీ నేర్చుకున్నది ఈ దారిలోనే. ప్రతి సాయంత్రం బాగా రాని ఫొటోలు ముందేసుకుని, వాటి షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంతుందో), ఐఎస్ఓ (ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపించిందో) చూసి కారణం వెతికేవాణ్ణి. ఏ పాఠం విన్నా అంత ఉపయోగం కనబడలేదు.

ఫోన్ నయం అనిపించడానికి కారణం ఉంది. మీరు ఒక్కసారి నొక్కితే ఫోన్ చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది, నీడల్ని తనే వెలిగిస్తుంది, రంగులు పెంచుతుంది. కెమెరా మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపు పడిన వెలుతురును పట్టుకుని, మిగతా నిర్ణయాలు చాలావరకు మీకు వదిలేస్తుంది. కాబట్టి మీ కెమెరాలో లోపం ఉందేమో అని బెంగపడకండి.

మోడ్ డయల్‌ను అపర్చర్ ప్రయారిటీకి తిప్పి పెట్టుకోండి. నికాన్, సోనీల్లో ‘ఎ’ అనీ, కెనాన్‌లో ‘ఏవీ’ అనీ ఉంటుంది. అపర్చర్ మీరు ఎంచుకుంటారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. అపర్చర్‌ను చెప్పే ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 4, 5.6, 8, 11 ఇలా వెళ్తుంటే ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి తగ్గుతుంది, స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది. మాన్యువల్‌లో తీస్తేనే ఫొటోగ్రాఫర్ అనే మాట మీకూ వినబడే ఉంటుంది. కానీ వెలుతురును కొలిచే మీటర్ గీతను సున్నా మీదకు తేవడానికి డయల్ తిప్పడమంటే, కెమెరా చేసే పనినే మీరు చేత్తో చేయడం. స్టూడియో ఫ్లాష్‌కి, రాత్రి ఆకాశానికి మాన్యువల్ కావాలి. ఆ అవసరం వచ్చిన రోజున ఒక్క పూటలో వచ్చేస్తుంది.

ఇక బ్లర్ సంగతి. కొత్తవాళ్లకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బ్లర్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు రకాలున్నాయి, మూడింటికీ మందు వేరు. ఫొటోను వంద శాతానికి జూమ్ చేసి చూడండి. గోడలు, కుర్చీలతో సహా అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రం చెరిగినట్టుంటే ఆ మనిషి కదిలాడు. మనిషి మసకగా ఉండి వెనక కర్టెన్ నేత కూడా కనబడుతుంటే ఫోకస్ తప్పింది.

చేతి కదలికకు ఒక పాత లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద జూమ్ దగ్గర కనబడే మి.మీ. అంకె) సెన్సర్ క్రాప్‌తో (పూర్తి సైజు సెన్సర్ కంటే మీది ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) గుణించి, షట్టర్ స్పీడ్ సెకనులో అన్నోవంతు కంటే నెమ్మదించకుండా చూసుకోవాలి. క్రాప్ 1.5 ఉన్న సెన్సర్ మీద 55 మి.మీ. దగ్గర తీస్తుంటే 1/80 లేదా 1/100 ఉండాలన్నమాట. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ఇంకా తక్కువ వేగంలోనూ తీయొచ్చు. అయితే అది మీ చేతి వణుకును సరిచేస్తుందే తప్ప పరిగెత్తే పిల్లాణ్ణి ఆపలేదు. మనుషుల కదలికకు షట్టర్ స్పీడ్ పెంచడమే దారి. కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషికి 1/125, నడిచేవాళ్లకు 1/250, ఆడుకుంటున్న పిల్లలకు 1/500 దగ్గర నేను మొదలుపెడతాను.

ఇంట్లో ఈ వేగాలు కావాలంటే ఐఎస్ఓ 3200కో 6400కో వెళ్తుంది. వెళ్లనివ్వండి. ఐఎస్ఓ పెరిగితే ఫొటో పాడైపోతుందన్న భయంతో 400 దగ్గర ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. నాయిస్‌ను, అంటే ఫొటోలో ఇసుక చల్లినట్టు కనబడే చుక్కల్ని, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, చెరిగిపోయిన మొహాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోలేం. మా అమ్మాయి నవ్వుతూ నా వైపు పరిగెత్తుకొస్తున్న ఫొటో ఒకటి ఐఎస్ఓ 6400లో తీసిందే. ప్రింట్ వేయించి గోడకు పెట్టాం. చూసినవాళ్లందరూ ఆ నవ్వు గురించే మాట్లాడతారు. చాలా కెమెరాల్లో ఆటో ఐఎస్ఓ మెనూలోకి వెళ్తే షట్టర్ స్పీడ్ ఇంతకంటే తగ్గకూడదని చెప్పే వీలుంటుంది. అక్కడ 1/125 పెట్టేస్తే ఇంట్లో బ్లర్ బాధ చాలావరకు తీరుతుంది.

ఫోకస్‌ను పూర్తిగా కెమెరాకే వదిలేస్తే అది తరచూ దగ్గరగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. ఒకే చోట ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ పెట్టుకుని, దాన్ని మనిషి కళ్లలో మీకు దగ్గరగా ఉన్న కన్ను మీదకు జరపండి. కళ్లను గుర్తించే ఆటోఫోకస్ మీ కెమెరాలో ఉంటే నిస్సంకోచంగా వాడుకోండి. అన్నట్టు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని డయాప్టర్ అంటారు. లోపల కనబడే అంకెలు స్పష్టంగా కనిపించేదాకా దాన్ని తిప్పుకోండి. కళ్లద్దాలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మరీ తెల్లగానో మరీ నల్లగానో వస్తున్న ఫొటోల సంగతికి వద్దాం. ఎదురుగా ఉన్న వస్తువు అసలు తెల్లదో నల్లదో మీటర్‌కు తెలియదు. దేన్ని చూసినా మధ్యరకం బూడిద వెలుగుకు తేవాలని చూస్తుంది. అందుకే తెల్లగోడ బూడిదరంగులోకి దిగుతుంది, నల్లపిల్లి వెలిసిపోయినట్టు వస్తుంది, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డ మనిషి మొహం చీకటైపోతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఉన్నది ఇందుకే. తెల్లవాటికి ప్లస్ 1, నల్లవాటికి మైనస్ 1, కిటికీ ముందున్న మనిషికి ప్లస్ 1 లేదా ఇంకొంచెం ఎక్కువ. నొక్కే ముందే ఇది ప్లస్సా మైనస్సా అని మనసులో అనుకుని, తర్వాత స్క్రీన్ మీద సరిచూసుకోండి. ఆ ఊహ నిజమవుతూ వస్తుంటే కలిగే ఆనందం వేరు.

నా ఫొటోలను నిజంగా మార్చింది వెలుతురును గమనించడం. ఒకసారి నాన్నగారిని గది మధ్యలో ట్యూబ్‌లైట్ కింద తీస్తే మొహం చదునుగా, కళ్లు గుంటల్లో ఉన్నట్టు వచ్చాయి. లైట్ ఆపేసి, కుర్చీని కిటికీ పక్కకు జరిపి, ఆయన్ని కొంచెం పక్కకు తిరగమన్నాను. అదే లెన్స్, అదే మనిషి. చెంప మీది ముడతలు, కంట్లో కిటికీ మెరుపు, అన్నీ వచ్చాయి. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీకి ఎంత దగ్గరైతే వెలుతురు అంత మెత్తగా ఉంటుంది, వెనక గది కూడా చీకటిలోకి జారి మనిషి విడిగా నిలుస్తాడు. లైట్ ఆపడం ఎందుకంటే పగటి వెలుతురు, గదిలోని బల్బు రెండు వేర్వేరు రంగులవి, కలిస్తే చర్మం రంగు చెడుతుంది. బయట మిట్టమధ్యాహ్నం తీయాల్సి వస్తే మనిషిని నీడ అంచున, మొహం వెలుగు వైపు ఉండేలా నిలబెట్టండి.

ఫైళ్లను రా (సెన్సర్ పట్టిన సమాచారం ఉన్నదున్నట్టు ఉండేది), జేపెగ్ (కెమెరా సిద్ధం చేసి ఇచ్చే మామూలు ఫొటో) రెండింటిలో దాచుకోండి. రా ఫైళ్లను ఇప్పుడు ముట్టుకోకపోయినా ఎడిటింగ్ వచ్చాక పనికొస్తాయి. ముఖ్యమైన ఫొటోలకు రెండో కాపీ ఉండాలి.

లెన్స్ మాటకొస్తే, కొన్ని నెలలు కిట్ లెన్స్‌తోనే తీయండి. జూమ్‌ను కొన్నాళ్లు 35 దగ్గరే ఉంచి, కాళ్లతో ముందుకీ వెనక్కీ కదలండి. ఫ్రేము మీ కంటికి అలవాటవుతుంది. ఆ తర్వాత మీకు నచ్చిన ఫొటోలన్నీ ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో చూడండి. ఎక్కువగా 35 దగ్గరివైతే 35 మి.మీ. ఎఫ్/1.8, చివరి 50, 55 దగ్గరివైతే 50 మి.మీ. ఎఫ్/1.8 తీసుకోవచ్చు. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 మాత్రమే ఇస్తుంది, దానితో పోలిస్తే ఎఫ్/1.8లో దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. కానీ క్రాప్ సెన్సర్ మీద 50 మి.మీ. దృశ్యాన్ని బాగా దగ్గర చేస్తుంది. చిన్న గదుల్లో వెనక్కి జరగడానికి చోటు చాలదు. మీరు ఎక్కువగా ఇంట్లోవాళ్లనే తీస్తామన్నారు కాబట్టి, నన్నడిగితే 35 వైపే మొగ్గుతాను.