తప్పు ఎత్తి చూపడానికి వచ్చిన మనిషిని ఆ రాజులు ఏం చేశారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని రెండో దినవృత్తాంతాలు చదువుతున్నామండి. యూదా రాజులు ఆసా, యోవాషు, ఉజ్జియా ముగ్గురూ మొదట్లో ఎంతో భక్తిగా ఉన్నారు, చివరికొచ్చేసరికి పాడైపోయారు. అన్నేళ్లు దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లు ముసలితనంలో పడిపోవడం ఏంటి? చదివాక నా గురించి నాకే భయమేస్తోంది. – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ భయం ఉండటం మంచిదే, పోగొట్టుకోవద్దు. 16, 24, 26 అధ్యాయాలు ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఇంకోసారి చదవండి. ముగ్గురి దగ్గరికీ దేవుడు మనిషిని పంపించాడు, ముగ్గురూ ఆ వచ్చిన మనిషి మీద విరుచుకుపడ్డారు. పాపం అంతకుముందే లోపల మొదలైంది నిజమే, కానీ వెనక్కి తిరగడానికి మిగిలిన దారిని మాత్రం వాళ్లు అక్కడే చేతులారా మూసేసుకున్నారు.

ఆసా చిన్నవాడేం కాదు, సొంత అవ్వ మయకా విగ్రహం పెట్టుకుంటే ఆమెని రాజమాత హోదా నుంచి తీసేసిన మనిషి. కూషీయుడైన జెరహు లెక్కలేనంత సైన్యంతో మీదకొస్తే, ప్రభువా నీవు తప్ప బలం లేనివాళ్లకి దిక్కెవరు అని ఏడ్చి ప్రార్థన చేసి గెలిచాడు. అదే ఆసా, ఏలుబడిలో 36వ సంవత్సరం వచ్చేసరికి, ఇశ్రాయేలు రాజు బయెషా రామాలో కోట కట్టి దారి మూసేస్తే, ఈసారి ప్రార్థన లేదు ఏమీ లేదు, దేవుని మందిరంలో వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకి పంపించాడు. ప్లాన్ సక్సెస్ కూడా అయ్యిందండి, బయెషా వెళ్లిపోయాడు! అప్పుడు హనానీ అనే దీర్ఘదర్శి, అంటే ప్రవక్త, వచ్చి, ఆ రోజు అంత పెద్ద సైన్యం మీద నిన్ను గెలిపించింది ఎవరు, ఈ రోజు ఎవరిని నమ్ముకున్నావు అని అడిగాడు. ఆసా ఆయన్ని జైల్లో వేయించాడు, అదే టైములో జనంలో కొంతమందిని కూడా హింస పెట్టాడని రాసి ఉంది. 39వ సంవత్సరంలో కాళ్ల జబ్బు వచ్చింది, అది బాగా ముదిరింది, అయినా దేవుణ్ణి అడగలేదు, డాక్టర్ల దగ్గరికి వెళ్లాడు. ఇక్కడ డాక్టర్ల దగ్గరికి వెళ్లడం పాపం అని కొందరు బోధిస్తారు, దయచేసి ఆ మాట నమ్మి మందులు మానేయకండి, దేవుణ్ణి అడగడం అనేదే పూర్తిగా మానేశాడు అన్నది అక్కడ విషయం. హనానీని లోపల వేయించినవాడు ఇంక ఏ మొహంతో ప్రార్థన చేస్తాడు చెప్పండి.

యోవాషు సంగతి చదివితే మాత్రం నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. సొంత అవ్వ అతల్యా రాజవంశాన్నంతా చంపిస్తుంటే పసిపిల్లాడైన వీణ్ణి మేనత్త ఎత్తుకొచ్చి మందిరంలో 6 సంవత్సరాలు దాచింది, ఆమె భర్త యాజకుడైన యెహోయాదా 7 ఏళ్ల పిల్లాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. యెహోయాదా బతికున్నన్నాళ్లూ యోవాషు బుద్ధిగానే ఉన్నాడు. ఆయన 130 ఏళ్ల వయసులో చనిపోయాక యూదా పెద్దలు వచ్చి రాజుకి నమస్కారాలు పెట్టారు, రాజు వాళ్ల మాట విన్నాడు, మందిరం వదిలేసి విగ్రహాల దగ్గరికి వెళ్లారు. అది తప్పు అని చెప్పింది ఎవరంటే యెహోయాదా కొడుకు జెకర్యా. రాజు ఆజ్ఞ మీదే అతన్ని రాళ్లతో కొట్టి చంపారు, అది కూడా మందిరం ఆవరణలో! తనని దాచిపెట్టి కాపాడిన చోటులోనే, కాపాడినాయన కొడుకుని. ఏడాది తిరక్కముందే సిరియా సైన్యం వచ్చింది, ఆ తర్వాత సొంత సేవకులే మంచం మీద చంపేశారు. యెహోయాదా యాజకుడై ఉండి కూడా ఆయన్ని రాజులతో పాటు పాతిపెట్టారు, యోవాషు రాజై ఉండి కూడా రాజుల సమాధుల్లో చోటు దొరకలేదు.

ఉజ్జియా కూడా అంతే, 16 ఏళ్లకి రాజై 52 సంవత్సరాలు ఏలాడు, బురుజులు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయం అంటే ప్రాణం. బాగా బలపడ్డాక గర్వం వచ్చి, యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం తానే వేయడానికి మందిరంలోకి వెళ్లాడు, 80 మంది యాజకులతో అజర్యా అడ్డం నిలబడితే కోపంతో ఊగిపోయాడు, ఆ కోపంలో ఉండగానే నుదుటి మీద కుష్టు కనిపించింది.

మీ గురించి మీకు భయమేస్తే మీరు చూసుకోవలసింది ఇదేనమ్మా, మీకు మీ తప్పు చెప్పగలిగిన మనిషి ఇంట్లో గానీ సంఘంలో గానీ ఒక్కరైనా ఉన్నారా, వాళ్లు పోయినసారి చెప్పినప్పుడు మీరేం చేశారు. యోవాషుకి ఆ మనిషి చనిపోయాడు, ఇంకో మనిషిని వెతుక్కోలేదు. వయసు పెరిగేకొద్దీ మనకి చెప్పేవాళ్లు తగ్గిపోతారు, అందుకే కావాలని పెట్టుకోవాలి.

ప్రశ్న: బ్రదర్, సౌలు గొర్రెల్ని చంపకుండా ఉంచాడు అంతే. దావీదు వ్యభిచారం చేసి మనిషిని చంపించాడు. సౌలుని దేవుడు తోసేశాడు, దావీదుని క్షమించాడు. ఇదెక్కడి న్యాయం? – యూత్ మీటింగ్‌లో జవాబు దొరకని ఒక తమ్ముడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన దాంట్లో తప్పేం లేదు, దావీదు పాపం చిన్నదని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. దావీదు చంపించింది బత్షెబ భర్త ఊరియాని, ఆయన పేరు బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో చూడు. రెండో సమూయేలు 23లో దావీదు పరాక్రమవంతుల లిస్టు ఉంటుంది, మొత్తం 37 మంది, చివరి పేరు హిత్తీయుడైన ఊరియా. మత్తయి మొదటి అధ్యాయంలో యేసుప్రభువు వంశావళిలో కూడా బత్షెబ పేరు రాయకుండా ఊరియా భార్యగా ఉన్న ఆమె అని రాశారు. దేవుడు క్షమించాడు కానీ ఊరియాని చెరిపేయలేదు. దావీదు ఇంట్లో ఆ తర్వాత ఎన్ని చావులు, కూతురు తామారుకి ఎంత అన్యాయం, కొడుకు అబ్షాలోము తిరుగుబాటు, అవన్నీ చదువు.

ఇప్పుడు ఇద్దరి తప్పునీ పట్టుకున్న సీన్లు చూద్దాం. అమాలేకీయుల్నీ వాళ్ల పశువుల్నీ ఏమీ మిగల్చొద్దని సౌలుకి దేవుని ఆజ్ఞ. సమూయేలు ప్రవక్త వచ్చేసరికి సౌలు కర్మెలులో తనకి తానే జ్ఞాపక స్తంభం నిలబెట్టుకుని వెళ్లాడు. ఎదురొచ్చి, యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను అన్నాడు. మరి ఈ గొర్రెల అరుపులు ఏంటి అని సమూయేలు అడిగితే, జనం తెచ్చారు, బలి ఇవ్వడానికే తెచ్చారు అన్నాడు. చివరికి పాపం చేశాను అని కూడా ఒప్పుకున్నాడు, కానీ వెంటనే ఏమన్నాడో తెలుసా, పెద్దల ముందు మాత్రం నా పరువు నిలబెట్టు అని. నాతాను ప్రవక్త వచ్చి పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు దావీదు చేతిలో కత్తి ఉంది, అధికారం ఉంది, అప్పటికే ఒకణ్ణి చంపించి ఉన్నాడు, ఇంకొకణ్ణి చంపించడం ఎంతసేపు. నేను పాపం చేశాను అన్నాడు, అంతే, ఆ మాట వెనకాల కానీ లేదు, పరువు లేదు. తర్వాత బత్షెబకి పుట్టిన కొడుకుల్లో ఒకడి పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టారని వాక్యంలో రాసి లేదు కాబట్టి నేను గట్టిగా చెప్పను, కానీ ఆ పేరు ఆ ఇంట్లో రోజూ పిలిచేవాళ్లు అన్నది మాత్రం నిజం.

ప్రశ్న: కాలేజీలో ఫ్రెండ్స్ ఇవన్నీ కట్టుకథలు అంటున్నారు. బైబిల్ బయట ఈ రాజులకి ఆధారం ఉందా? – డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా. 1993లో ఇశ్రాయేలు ఉత్తరాన తెల్ దాను తవ్వకాల్లో దొరికిన అరామిక్ రాతి మీద దావీదు వంశం ప్రస్తావన ఉంది. యూదా రాజు హిజ్కియా నీళ్ల సొరంగం యెరూషలేములో ఇప్పటికీ ఉంది, సుమారు 533 మీటర్లు, టూరిస్టులు మోకాళ్ల లోతు నీళ్లలో నడుస్తారు. రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చిన పనివాళ్లు మధ్యలో ఒకళ్ల గొంతు ఒకళ్లు విన్నారని చెప్పే శాసనం 1880లో అందులోనే దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు తన శాసనంలో హిజ్కియాని పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించాను అని గొప్పగా రాసుకున్నాడు, 46 కోటలు పట్టుకున్నా అన్నాడు, యెరూషలేమును పట్టుకున్నా అని మాత్రం రాయలేదు. ఫ్రెండ్స్‌కి ఇంకోటి కూడా చెప్పు, చుట్టుపక్కల రాజులు రాళ్ల మీద తమ విజయాలే చెక్కించుకున్నారు, యూదులు మాత్రం తమ రాజుల సిగ్గుమాలిన పనులు కూడా రాసి దాచుకున్నారు.

ప్రశ్న: యూదా రాజుల్లో మనష్షే అంత దుర్మార్గుడు 55 సంవత్సరాలు ఏలాడు. యోషీయా అంత మంచివాడు 39 ఏళ్లకే యుద్ధంలో చనిపోయాడు. మా తమ్ముడు చిన్న వయసులో పోయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. – ఒక అన్నయ్య, నెల్లూరు

జవాబు: మీ తమ్ముడి గురించి నేను ఏ వివరణా ఇవ్వను అన్నా, ఇచ్చే అర్హత నాకు లేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపే కరెక్టుగా ఉన్నారు.

రాజుల సంగతికొస్తే, ఆయుష్షు మార్కుల లిస్టు కాదని ఆ పుస్తకాలే చెబుతున్నాయి. మనష్షే సంగతి రెండో రాజుల్లో చదివితే మొత్తం చీకటే, దినవృత్తాంతాల్లో మాత్రం బబులోనుకి సంకెళ్లతో తీసుకెళ్లాక అక్కడ బాగా తగ్గించుకుని ప్రార్థించాడని, దేవుడు విని తిరిగి తీసుకొచ్చాడని ఉంది. ఆ చివరి సంవత్సరాల్లో విగ్రహాలు తీసేశాడు. కానీ కొడుకు ఆమోను నేర్చుకున్నది తండ్రి మొదటి జీవితం, ఆ పాత విగ్రహాలకే బలులిచ్చాడు. చిందించిన నిరపరాధుల రక్తం కూడా లెక్కలోనే ఉండిపోయింది.

యోషీయా విషయంలో ఒక కష్టమైన మాట ఉంది, తప్పించుకోలేం. ఐగుప్తు (ఈజిప్టు) రాజు నెకో, నీతో నాకు గొడవ లేదు, నన్ను దేవుడే త్వరగా వెళ్లమన్నాడు, అడ్డం రావద్దు అని కబురు పంపాడు. ఆ మాట దేవుని నోటి నుంచే వచ్చిందని దినవృత్తాంతాలు అంటుంది. యోషీయా వినలేదు, మారువేషం వేసుకుని మెగిద్దోకి వెళ్లాడు, విలుకాళ్లు కొట్టారు. అన్యరాజు నోటి నుంచి దేవుడు మాట్లాడతాడని ఎవరు మాత్రం అనుకుంటారు. అయినా ఆయన మీద దేవుని ప్రేమ తగ్గలేదు, ఈ చోటికి రాబోయే కీడు నీ కళ్లు చూడవు అని హుల్దా ప్రవక్త్రి ముందే చెప్పింది, ఆయన పోయింది క్రీ.పూ. 609లో, యెరూషలేము కాలిపోయింది 586లో.

యోషీయాని గుర్తుపెట్టుకోవలసిన సీను వేరే ఉంది. మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికితే లేఖికుడు షాఫాను చదివి వినిపించాడు, రాజు విని బట్టలు చింపుకున్నాడు. ఆ యోషీయా కొడుకే యెహోయాకీము. చలికాలం, ముందు కుంపటి మండుతోంది, యిర్మీయా ప్రవక్త రాయించిన గ్రంథపు చుట్ట తీసుకొచ్చి యెహూది అనే అతను చదువుతున్నాడు. మూడు నాలుగు పేరాలు చదవగానే రాజు చాకుతో అంతవరకు కోసి నిప్పుల్లో వేస్తున్నాడు, మళ్లీ చదువు, మళ్లీ కోత, మొత్తం అయిపోయేదాకా. వద్దు ప్రభూ కాల్చొద్దు అని బతిమాలినవాళ్లలో గెమర్యా ఉన్నాడు, ఆయన షాఫాను కొడుకు! ఆ తండ్రి చదివితే ఈ తండ్రి ఏడ్చాడు, ఆ కొడుకు బతిమాలినా ఈ కొడుకు వినలేదు. తర్వాత యిర్మీయా తన లేఖికుడు బారూకు చేత ఇంకో చుట్ట రాయించాడు, కాలిపోయిన మాటలన్నీ, ఇంకా ఎక్కువ కూడా. అదే ఇప్పుడు మన చేతుల్లో ఉంది.

ప్రశ్న: మా సంఘంలో కానుకల లెక్కలు అడిగితే, దావీదు సౌలుని ముట్టలేదు, దేవుని అభిషిక్తుణ్ణి ముట్టకూడదు అని నోరు మూయిస్తున్నారు. అడగడం పాపమా అయ్యగారూ? – పేరు రాయొద్దు

జవాబు: పాపం కాదు. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు నిజమే, కానీ నోరు మూసుకుని కూడా లేడు. తనని చంపడానికి తరుముతున్న సౌలు ఏన్గెదీ గుహలో చేతికి చిక్కితే అతని వస్త్రపు చెంగు మాత్రం కోశాడు, దానికే మనసు నొచ్చుకున్నాడు, తర్వాత బయటికొచ్చి ఆ చెంగు ముక్క పైకెత్తి చూపిస్తూ, నన్నెందుకు తరుముతున్నావు, యెహోవాయే మనిద్దరి మధ్య న్యాయం తీర్చాలి అని సౌలు మనుషులందరి ముందూ గట్టిగా అడిగాడు. అభిషిక్తుణ్ణి చంపకూడదు అన్న మాటని అభిషిక్తుణ్ణి ఏమీ అడగకూడదు అని తిప్పితే నాతాను, హనానీ, ఏలీయా అందరూ పాపులే అవ్వాలి.

డబ్బు సంగతికి రెండో రాజులు 12వ అధ్యాయం చదవండి. యోవాషు ఏలుబడి 23వ సంవత్సరం వచ్చినా మందిరం మరమ్మతు కాలేదు, డబ్బు యాజకుల చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు రాజు ఎవరిని పిలిచి అడిగాడో చూడండి, తనని పెంచిన యెహోయాదానే! యెహోయాదా కోప్పడలేదు, నేను లేకపోతే నువ్వెక్కడ అనలేదు, ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం వేయించి బలిపీఠం పక్కన పెట్టించాడు. నిండినప్పుడల్లా రాజు లేఖికుడూ ప్రధానయాజకుడూ ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవాళ్లు, డబ్బు అక్కణ్ణుంచి వడ్రంగులకీ తాపీ పనివాళ్లకీ వెళ్లేది. పని చేయించినవాళ్లు నమ్మకస్తులు కాబట్టి వాళ్లని లెక్క అడగలేదు అని కూడా అదే అధ్యాయంలో ఉంది, మీ వాళ్లు ఆ వచనం చూపిస్తారు, అప్పుడు మీరు దానికి ముందు వచనాల్లో ఇద్దరు కలిసి లెక్కపెట్టిన సంగతి చూపించండి.

ఎలా అడగాలంటే, వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టకండి. ముందు మీరొక్కరే పాస్టర్‌గారి ఇంటికి వెళ్లండి, పాస్టరమ్మగారు కూడా ఉంటే ఇంకా మంచిది, కానుకలు ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టే పద్ధతి పెడదామని అడగండి, నిందలాగా కాకుండా యోవాషు పెట్టెలాగా. వినకపోతే మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టు ఇంకా ఒకరిద్దరిని తీసుకుని వెళ్లండి, ఈసారి రాసి ఇవ్వండి, కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. మందిరం సొసైటీగా రిజిస్టరై ఉంటే వార్షిక సమావేశంలో లెక్కలు చూపించమని సభ్యులు అడగొచ్చు, బైలాస్ తెప్పించుకుని చదవండి. అడిగినందుకు మిమ్మల్ని వెలివేస్తామంటే నాకు మళ్లీ రాయండి, పేరు వేయను.