పున్నమి చంద్రుడి ఫోటో తీయబోతున్న సింధుకు

చిరంజీవి సింధుకు,

పెదనాన్న ఆశీస్సులు. మార్గశిర పున్నమికి చంద్రుణ్ని అల్ట్రావయొలెట్‌లోనూ ఇన్‌ఫ్రారెడ్‌లోనూ ఫోటో తీస్తానన్నావట, దానికోసం కెమెరాను నువ్వే విప్పుతానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మొదటి మాటకు ఎంత సంబరపడ్డానో, రెండో మాటకు అంత టెన్షన్ పడ్డాను.

విప్పొద్దు. కోఠీ సందులో జీవితమంతా కెమెరాలు బాగుచేసినవాణ్ని చెబుతున్నాను. ఫ్లాష్ ఉన్న కెమెరా లోపల చిటికెన వేలంత కెపాసిటర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా దాదాపు 300 వోల్టులు అందులో అలాగే నిలిచి ఉండొచ్చు. మా షాపులో కుర్రాడికి ఒకసారి అది తగిలింది. స్క్రూడ్రైవర్ ఎగిరి గోడకు కొట్టుకుంది, వాడు ఆ పూటంతా చెయ్యి ఒళ్లో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాడు. ఎవరో వీడియోలో సులువుగా విప్పేశారని నువ్వూ మొదలుపెడితే ఊరుకునేది లేదు.

సెన్సర్ ముందు కంపెనీవాళ్లు బిగించిన గాజు తీసేస్తేనే కంటికి కనపడని వెలుగు లోపలికి వస్తుంది, నిజమే. కానీ దాని స్థానంలో సరైన మందం ఉన్న క్వార్ట్జ్ పలక పెట్టాలి. లేకపోతే ఫోకస్ పక్కకు తప్పిపోతుంది, దుమ్ము చేరుతుంది.

అద్దం టెలిస్కోప్ కొనడం మంచి పని. లెన్సుల గాజు అల్ట్రావయొలెట్‌ను చాలావరకు మింగేస్తుంది, పైగా ఒక్కో వెలుగుకూ ఫోకస్ ఒక్కోచోట పడుతుంది. అద్దానికి ఆ బాధ లేదు. బొమ్మను పెద్దది చేస్తుందని మధ్యలో బార్లో లెన్స్ మాత్రం పెట్టకు, అదీ గాజే. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చూసుకో. ట్రైపాడ్, టైమర్, రా ఫైళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

చలికాలపు పున్నమిని ఎంచుకున్నావు చూడు, అది నాకు బాగా నచ్చింది. ఆ రోజుల్లో చంద్రుడు అర్ధరాత్రికి మన నడినెత్తికి వస్తాడు. దారిలో గాలి తక్కువ. అల్ట్రావయొలెట్ గాలిలో విపరీతంగా చెదిరిపోతుంది కాబట్టి చంద్రుడు కిందుగా ఉన్నప్పుడు తీస్తే మసకే మిగులుతుంది.

ఇప్పుడు మీ నాన్న సంగతి. నీకు చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు వాడూ ఇదే పని మొదలుపెట్టాడు. చవగ్గా దొరికిందని, అల్ట్రావయొలెట్‌ను మాత్రమే వదలాల్సిన నల్ల ఫిల్టర్ ఒకటి కొన్నాడు. పున్నమి మర్నాడు పొద్దున్నే, షట్టర్ ఎత్తకముందే షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. ఫోటో చూపించాడు. చక్కగా, పదునుగా ఉంది. అంతకుముందే చుట్టాలందరికీ పంపేశాడు కూడా. ఎక్స్‌పోజర్ ఎంత ఇచ్చావని అడిగాను. చెప్పాడు. అల్ట్రావయొలెట్‌కు అది మరీ తక్కువ. నాకు అనుమానం వచ్చి, అదే ఫిల్టర్‌తో పెరట్లో తులసికోటను తీయమన్నాను. ఆకులు మల్లెపూలలా తెల్లగా వచ్చాయి. ఆకు అల్ట్రావయొలెట్‌లో నల్లగా కనిపించాలి, తెల్లగా వెలిగేది ఇన్‌ఫ్రారెడ్‌లో. ఆ ఫిల్టర్ అల్ట్రావయొలెట్‌తో పాటు ఇన్‌ఫ్రారెడ్‌నూ వదులుతోంది. సెన్సర్‌కు ఇన్‌ఫ్రారెడ్ అంటేనే చూపెక్కువ, కాబట్టి కాస్త లీకయినా చాలు, ఫోటో మొత్తాన్ని అదే ఆక్రమిస్తుంది. వాడు ఏమీ అనలేదు. కెమెరా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సంచి బీరువాలోంచి మళ్లీ బయటికి రాలేదు. ఇంకో ఫిల్టర్ తెప్పిస్తానన్నా వినలేదు వాడు. ఆ పొద్దుటి ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే చంద్రుడి జోలికి వెళ్లకముందే ఫిల్టర్‌ను పరీక్షించు. ముందు మొక్కను తీయి. తర్వాత ఆ అల్ట్రావయొలెట్ ఫిల్టర్ మీద, అల్ట్రావయొలెట్‌ను ఆపేసే నీ 720 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ కూడా పెట్టి, పాత ఫిలమెంట్ బల్బును ఫోటో తీయి. ఫ్రేము కటిక నల్లగా రావాలి. బల్బు కనపడిందంటే లీకున్నట్టే. ఫలితం తేలేదాకా ఎవరికీ ఏ ఫోటో పంపకు తల్లీ.

ఇంకొకటి, ఇది ఆజ్ఞ. ఆ నల్ల ఫిల్టర్లలోంచి సూర్యుణ్ని చూడొద్దు, సరదాకి కూడా. కంటికి చీకటిగానే ఉంటుంది, కనపడని వేడి మాత్రం తిన్నగా లోపలికి దిగి రెటీనాను కాలుస్తుంది. నొప్పి కూడా తెలియదు.

అన్నీ కుదిరితే ఏం చూడాలో చెబుతాను. 1910 ప్రాంతంలో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అల్ట్రావయొలెట్‌లో తీస్తే, చంద్రుడి మీది అరిస్టార్కస్ అనే బిలం పక్కన మామూలు ఫోటోలో కనపడని నల్లమచ్చ పడింది. అక్కడ గంధకం ఉందేమో అనుకున్నాడు. నువ్వు దాన్ని వెతుకు. తర్వాత ఒకే రాత్రి తీసిన రెండు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అల్ట్రావయొలెట్ ఫోటోలోని ప్రతి చుక్క వెలుగునూ ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలోని అదే చుక్క వెలుగుతో కంప్యూటర్‌లో భాగించు. పున్నమి చంద్రుడి మీద నీడలుండవు కాబట్టి మిగిలేది నేల తేడాయే. 1969లో అపోలో 11 దిగిన ప్రశాంతి సాగరం అనే నల్లటి మైదానం, పక్కనున్న సెరెనిటాటిస్ మైదానం కన్నా ప్రకాశంగా తేలాలి. ఎందుకంటే ప్రశాంతి సాగరం రాళ్లలో టైటానియం ఎక్కువ. మీ డాబా మీద నిలబడి నువ్వు అంత దూరపు రాయి గుణం చెప్పగలుగుతావంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

మన ఊరికి ఈ పని కొత్త కూడా కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ చలవతో మొదలైన నిజామియా అబ్జర్వేటరీలో గాజు పలకల మీద నక్షత్రాలను ఫోటో తీశారు.

ఆదివారం కెమెరా పట్టుకుని నారాయణగూడ రా. బ్యాటరీ ముందురోజే తీసెయ్యి. నేను విప్పుతాను, నువ్వు పక్కన కూర్చుని టార్చి పట్టుకో. మీ నాన్నను కూడా తీసుకురా, ఆ సంచితో సహా.

ఆశీస్సులతో,
పెదనాన్న