వీల్ నట్లకు యాంటీ సీజ్ పూయొచ్చా?

అన్నా, మిర్యాలగూడలో పొలాల బురదలో తిరిగి మీ కారు వీల్ నట్లు తుప్పు పట్టాయని, స్టడ్లకు (నట్లు ఎక్కే మరల కడ్డీలకు) యాంటీ సీజ్, అంటే మరలు అతుక్కుపోకుండా పూసే పేస్ట్, పూసి బిగించొచ్చా అని అడిగారు. మాన్యువల్‌లో పూయమని ఉంటే తప్ప పూయకండి.

చాలా కార్లకు కంపెనీ చెప్పే టార్క్ (నట్టును తిప్పి బిగించే బలం) పొడి మరలకు లెక్కగట్టింది. మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, స్టడ్‌ను లాగి చక్రాన్ని పట్టి ఉంచేది కొంతే. పేస్ట్ పూస్తే ఆ రాపిడి తగ్గుతుంది. అప్పుడు టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) కంపెనీ చెప్పిన అంకెనే, ఉదాహరణకు 110 న్యూటన్ మీటర్లు, చూపిస్తున్నా స్టడ్ మీద లాగుడు చాలా పెరిగిపోతుంది. స్టడ్ సాగుతుంది, తర్వాత హైవే మీద తెగొచ్చు కూడా. నట్టు కోన్ (ఏటవాలు అంచు) చక్రానికి ఆనే చోట అసలే పూయొద్దు.

మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అరిగిన నట్లు మార్చేయండి, ఖర్చు తక్కువే. చక్రమే హబ్‌కు (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోతుంటే హబ్ మధ్య అంచుకు పలచగా పూయొచ్చు, స్టడ్లకూ బ్రేక్ డిస్క్‌కూ తగలనివ్వకండి.

నన్నడిగితే అసలు తంటా పంక్చర్ షాపు గాలి గన్‌తోనే. తుప్పు కన్నా దాని అతి బిగింపే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నట్లను ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లారాక ఒకసారి మళ్ళీ చూడండి. హైదరాబాద్ వెళ్తుంటే నార్కట్‌పల్లిలో టీకి ఆగినప్పుడు ఆ పని చేసుకోవచ్చు.