మన ఎండల్లో, ఫ్లాట్‌లో హస్కీని పెంచొచ్చా?

పెంచకపోవడమే మంచిది, సైబీరియన్ హస్కీ మన వేడికీ, ఫ్లాట్ జీవితానికీ సరిపడే జాతి కాదు. సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగించడానికి పెంచుకున్న కుక్క అది. దాని బొచ్చు రెండు పొరలు: పైన పొడవాటి వెంట్రుకలు, కింద దూదిలాంటి దట్టమైన బొచ్చు. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒంట్లో వేడి దిగాలంటే నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు.

మే నెల విజయవాడనే తీసుకోండి. 40 డిగ్రీలు దాటే ఎండ, పైగా ఉక్కపోత. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇంట్లో పొద్దున్నే పది నిమిషాలు తిప్పి తలుపేస్తే దానికి ఏ మూలకూ చాలదు. మిగిలిన హుషారంతా సోఫా మీద చూపిస్తుంది. తర్వాత ఊళ మొదలు, పక్క ఫ్లాట్‌వాళ్లకు టెన్షన్.

బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపేది ఆ పైపొరే. గొరిగితే చర్మం కమిలిపోతుంది, బొచ్చు మళ్లీ మునుపటిలా రాకపోవచ్చు కూడా. రాలే బొచ్చును దువ్వి తీస్తే చాలు.

ఇలాంటి ఇంటికి పొట్టి వెంట్రుకల నాటు కుక్కపిల్ల నయం. దానికీ రోజూ వాకింగ్ తప్పదనుకోండి.