గుంట దగ్గరికి కత్తి వద్దు బుజ్జమ్మా

బుజ్జమ్మా,

నిన్న రాత్రి పదకొండు దాటాక మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ టైమ్‌లో అక్క నుంచి ఫోన్ అంటే ముందు గుండె జారిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక కూడా చాలాసేపు మామూలు మనిషిని కాలేకపోయాను. "నీ మేనకోడలు తుపాకీకి అప్లై చేస్తుందంటరా, అది కుదరకపోతే కత్తి కొనుక్కుంటుందంట, నువ్వే చెప్పు దానికి" అని ఒకటే ఏడుపు. పొద్దున లేచి చూస్తే నీ మెసేజ్ కూడా ఉంది. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను కోప్పడతాను, అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు.

ముందు నీ మీద కోపం సంగతి. రాత్రిళ్ళు నువ్వొక్కదానివే రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో పడుకుంటున్నావని నాకు ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు? కాపలా మనిషి మానేసి పది రోజులైందంట కదా. కావలి నుంచి ఇసకపల్లి ఎంత దూరమమ్మా, నేనొచ్చి పడుకునేవాణ్ణి కాదా? ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో నీకు సీటు రావాలని మీ అత్త నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళి, స్వర్ణాల చెరువులో నడుం లోతు నీళ్ళలో నిలబడి విద్య రొట్టె పట్టుకుంది. ఆ చదువు చదివి, ఉద్యోగం వదులుకుని ఐదెకరాల గుంటలు లీజుకు తీసుకున్నావంటే ఊళ్ళో అందరికీ నేనే చెప్పుకుని తిరిగాను. మన ఇళ్ళలో ఆడపిల్ల తెల్లవారుజామున మూడింటికి లేచి కట్ట మీద నిలబడి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చూసుకోవడం నేనెప్పుడూ ఎరగను. అంత గర్వం ఉంది కాబట్టే ఇంత భయం.

నువ్వు సూటిగా అడిగావు, చిన్న క్యాలిబర్ రివాల్వర్ మేలా, మడత కత్తి మేలా అని. నేనూ సూటిగానే చెప్తాను. కత్తి అసలే వద్దు. రివాల్వర్ ఇప్పుడు నీకు వద్దు. ఎందుకో చెప్పాలంటే నా కుడి చేతి వేళ్ళ సంగతి చెప్పాలి.

చిన్నప్పుడు నువ్వు నా ఉంగరం వేలు, చిటికెన వేలు పట్టుకుని మడవాలని చూసేదానివి, గుర్తుందా? ఎందుకు మడవవు మామయ్యా అంటే పెద్ద మండపీత కొరికిందని చెప్పేవాణ్ణి. పిల్లలందరికీ అదే చెప్పాను. మీ అమ్మకు కూడా ఇప్పటికీ అదే తెలుసు. అది అబద్ధం.

1993 అది. టైగర్ రొయ్యకు రేటు చూసి వరి మళ్ళు, ఉప్పు కొటార్లు కూడా గుంటలైపోతున్న రోజులు. నేను తుమ్మలపెంట వైపు నాలుగెకరాలు పట్టాను. 30 కౌంట్‌కి వచ్చింది, అంటే కిలోకు ముప్పై రొయ్యలు, ఇంకో పది రోజుల్లో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మడం, అనగా పక్క గుంటల్లో దొంగలు పడుతున్నారని మాట పుట్టింది. నేను కావలిలో కమ్మరి దగ్గరికి పోయి లారీ కమాను పట్టీతో కత్తి చేయించుకున్నాను. జానెడు పొడుగు, చెక్క పిడి. అది నడుముకు పెట్టుకున్న రోజు నుంచి నా నడకే మారిందని మీ అత్త తర్వాత అన్నది. నాకప్పుడు తెలియలేదు. కాపలా తాత ఒకాయన ఉండేవాడు, ఆయన మాత్రం ఆ కత్తి వంక చూసి, "ఇదెందుకు అబ్బయా, కర్ర చాలదా" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఒక రాత్రి చీకట్లో విసురు వల నీళ్ళ మీద పడిన చప్పుడు వినిపించింది. గుప్పెడు గులకరాళ్ళు విసిరినట్టుంటుంది ఆ చప్పుడు, ఇప్పుడు వినిపించినా నేను గుర్తుపడతాను. తాత లేచి కూర్చుని, "టార్చి వేసి ఇద్దరం గట్టిగా కేకేద్దాం, వాళ్ళే పోతారు" అన్నాడు. ఆ రాత్రి చెయ్యాల్సింది అంతే. నేను ఆయన నోటి మీద వేలు పెట్టి, టార్చి లేకుండా, చెప్పుల్లేకుండా కట్ట మీద నడుచుకుంటూ పోయాను. పట్టుకోవాలని. కత్తి ఉంది కదా అని.

ఇద్దరున్నారు. కట్ట ఎంత సన్నగా ఉంటుందో నీకు తెలుసు, ఇటు గుంట, అటు కాలువ. వాళ్ళు పారిపోవాలన్నా నా మీదుగానే పోవాలి. నేను ఆ దారికి అడ్డం నిలబడి కత్తి చూపించాను. చూపిస్తే చాలు, కాళ్ళ మీద పడతారనుకున్నాను. దారి మూసేసిన మనిషి ఏం చేస్తాడు చెప్పు? ముందున్నవాడు చేతిలో ఉన్న గెడ తిప్పి కొట్టాడు. నేను పొడిచాను. అవును బుజ్జమ్మా, బెదిరించడానికి కాదు, పొడవడానికే చెయ్యి పోయింది. కత్తి మొన వెళ్ళి గెడకు తగిలి ఆగిపోయింది, నా చెయ్యి మాత్రం ఆగలేదు. సాయంత్రం మేత కలిపిన చేతులు, జిగట, పైగా మంచు తడి. పిడికి అడ్డు పట్టీ లేదు. పిడి మీది నుంచి అరచెయ్యి జారి వేళ్ళు అంచు మీదికి పోయాయి. నొప్పి తెలియలేదు, వేడిగా నీళ్ళు పోసినట్టు అనిపించిందంతే. కత్తి కింద పడింది. రెండోవాడు వంగి తీసుకున్నాడు.

ఆ క్షణం నేను చేయించుకున్న కత్తి వాడి చేతిలో ఉంది, నా చేతిలో నెత్తురు తప్ప ఏమీ లేదు. అప్పుడు తాత టార్చి వేసుకుంటూ కేకలు పెడుతూ వచ్చాడు. ఆ వెలుతురులో వాడి ముఖం చూశాను. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు. కత్తి గుంటలోకి విసిరేసి, నన్ను తోసుకుని ఇద్దరూ పరుగెత్తారు. వల అక్కడే వదిలేశారు. అందులో ఉన్నవి నాలుగు కిలోలు కూడా ఉండవు.

ఇంట్లో తెలుస్తుందని రెండు రోజులు పసుపు అద్ది గుడ్డ కట్టుకుని తిరిగాను. అది రెండో తప్పు. నెల్లూరు వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది, తెగిన నరాలు అతకడం కుదరలేదు. వేళ్ళ సంగతి పోనీ. ఆ గెడ అడ్డం లేకపోతే అది ఆ పిల్లాడి కడుపులోకి పోయేది. నాలుగు కిలోల రొయ్యలకు. ముప్పై ఏళ్ళు దాటినా ఏదో ఒక రాత్రి ఆ ముఖం వస్తుంది నాకు. కత్తి లేకపోయుంటే నేను ఆ కట్ట మీదికి పోయేవాణ్ణే కాదు, షెడ్డులోంచి కేకేసేవాణ్ణి. నీ ప్రశ్నకు నా జవాబు మొత్తం ఇదే. కత్తి పనిచెయ్యాలంటే అవతలివాడు చెయ్యి అందేంత దగ్గరికి రావాలి. నీకు కావలసింది వాడు అంత దగ్గరికి రాకుండా ఉండటం. అంత దగ్గరికి వచ్చాక బలమున్నవాడి చేతికి అది ఎంతసేపట్లో పోతుందో నేను చూశాను.

ఇక రివాల్వర్. 1994లో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలన్నీ పోయాక నేను రొయ్యలు కొని కంపెనీలకు పంపే కమీషన్ వ్యాపారంలో పడ్డాను కదా, చేతిలో డబ్బు తిరిగేది. 1997లో లైసెన్సు తీసుకుని పాయింట్ 32 రివాల్వర్ కొన్నాను. పదకొండేళ్ళు ఉంచుకున్నాను. అన్నేళ్ళలో నేను కాల్చినవి ఇరవై గుండ్లు కూడా ఉండవు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడం, మళ్ళీ తెచ్చుకోవడం, మూడేళ్ళకోసారి రెన్యువల్ కోసం తిరగడం, అదే దానితో నా పని. ఇప్పుడు లైసెన్సు ఐదేళ్ళకు ఇస్తున్నారు. కలెక్టర్‌కు దరఖాస్తు, పోలీసు ఎంక్వయిరీ, డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం, ఇవన్నీ కావాలి. అన్నీ ఇచ్చినా నీ ప్రాణానికి ముప్పుందని వాళ్ళకు అనిపించాలి. ఈ పంట పట్టుబడి అయ్యేలోపు వస్తుందనుకోకు.

నువ్వు రాసిన ఆ పావు కిలో 'నిడర్' రివాల్వర్ గురించి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది, పాయింట్ 22. బ్యాగులో పెట్టుకుంటే బరువు తెలియదు, నిజమే. 2014లో కాన్పూర్ వాళ్ళు ఆడవాళ్ళ కోసమని తెచ్చిన 'నిర్భీక్' అయితే పాయింట్ 32, అర కిలో. చిన్న గుండు తగిలితే మనిషి అక్కడికక్కడే ఆగిపోతాడని సినిమాల్లో చూపిస్తారు, అలా ఆగకపోవచ్చు. పైగా 22 గుండుకు పేల్చే మందు అడుగు అంచులో ఉంటుంది, మధ్యలో టోపీ ఉన్న గుండుతో పోలిస్తే పేలకుండా ఉండిపోవడం వీటిలో ఎక్కువ. తేలిక తుపాకీతో గురి కుదరాలంటే క్రమం తప్పకుండా కాల్చాలి, లైసెన్సు మీద గుండ్లకు లెక్క ఉంటుంది, ప్రాక్టీసు ఎక్కడ చేస్తావు? చీకట్లో, నిద్రలో లేచి, గుండె కొట్టుకుంటూ ఉండగా కాల్చిన గుండు ఎటు పోతుందో ఆలోచించు. నీ చుట్టూ నాలుగు గుంటల్లో నాలుగు షెడ్లున్నాయి, వాటిలో మనుషులు పడుకుని ఉంటారు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది మీ అత్తకు తప్ప ఎవరికీ తెలియదు. 2008లో నాకు రావలసిన డబ్బులు రాక, నేను ఇవ్వాల్సినవాళ్ళు ఇంటి ముందు కూర్చున్న రోజుల్లో, ఒక రాత్రి నా మనసు రివాల్వర్ ఉన్న బీరువా వైపు పోయింది. మీ అత్తను లేపి తాళంచెవి చేతిలో పెట్టి, నాకు కనపడకుండా దాచెయ్యమన్నాను. తెల్లారాక ఆమెను వెంటబెట్టుకుని స్టేషన్‌కి పోయి అప్పగించేశాను, మళ్ళీ తెచ్చుకోలేదు. రొయ్యల సాగు ఎలాంటిదో నీకు నేను చెప్పాలా? ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే ఏడాది కష్టం తెల్లారేసరికి తేలిపోతుంది. అలాంటి రాత్రి ఒంటరిగా ఉండే షెడ్డులో అది ఉండకూడదు. నాకు దొంగల భయం కంటే ఈ భయమే ఎక్కువ. నష్టం వస్తే ఎంతైనా సరే, ఏ టైమైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం.

మీ స్నేహితురాలు చెప్పింది నిజమే, అలుగు పొడుగు తొమ్మిది అంగుళాలు, వెడల్పు రెండు అంగుళాలు దాటని మామూలు కత్తికి లైసెన్సు అక్కర్లేదు. కానీ లైసెన్సు అక్కర్లేదంటే వాడినా ఏమీ కాదని కాదు. ఆత్మరక్షణ హక్కు ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది, ముందు వకీలు దగ్గర కూర్చుని చెప్పించుకో. ప్రమాదాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చెయ్యకూడదు. నీ మీదికి వస్తే ఒక లెక్క, మోటారు విప్పుకుని పోతుంటే ఒక లెక్క. ఉత్త దొంగతనానికి ప్రాణం తీసే హక్కు లేదు. మోటార్లు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఎవరైనా నాటు తుపాకీ తెచ్చిస్తానంటే ఆ మనిషిని కట్ట ఎక్కనివ్వకు, అది నేరుగా జైలు.

చెయ్యాల్సినవి చెప్తాను. కాపలాకు ఒకరు కాదు ఇద్దరు కావాలి, భార్యాభర్తలైతే మరీ మంచిది. కూలీల డబ్బు చేతికివ్వకు, ఫోన్‌లో వెయ్యి, షెడ్డులో నగదు ఉండదని ఊరంతటికీ తెలిసేలా చెయ్యి. కట్ట నాలుగు మూలలా లైట్లు పెట్టించు. షెడ్డు తలుపుకు లోపలి గడియ ఇనుపది వేయించు, కిటికీకి ఊచలు. చప్పుడు వస్తే బయటికి రావద్దు, గడియ వేసుకుని లోపల నుంచే లైట్లు, సైరన్ వేసి 112కి చెయ్యి, తర్వాత పక్క గుంట వాళ్ళకు. బయటికి పోయి చూడాలనిపిస్తుంది. పోవద్దు. మిరియాల స్ప్రే కావాలంటే పెట్టుకో, అయితే రాత్రి గాలి ఎటు వీస్తుందో చూసుకోకపోతే అది నీ కళ్ళలోనే పడుతుంది, కాబట్టి దారిలో బండి మీద ఉన్నప్పటికి, అది కూడా తప్పించుకుని పోవడానికి మాత్రమే. చేతిలో పొడుగు టార్చి, ఒక కర్ర చాలు, పాములకైనా అవి కావాలి. చుట్టుపక్కల గుంటల వాళ్ళందరితో మాట కలుపు. నువ్వు చదువుకున్నదానివి, వాళ్ళ నీళ్ళు టెస్ట్ చేసి పెట్టు, రోగం వస్తే చూసి చెప్పు. రేపు నువ్వు కేకేస్తే పరుగెత్తుకొచ్చేది వాళ్ళే.

కొత్త కాపలావాళ్ళు కుదిరేదాకా నేనొచ్చి ఉంటాను, మీ అత్త కూడా సరేనంది. ఆదివారం సాయంత్రం బస్సుకు అల్లూరులో దిగుతాను, బండి వేసుకుని రా. మా వీధిలో కుక్క ఈనింది, రెండు పిల్లలను గంపలో పెట్టుకుని తెస్తాను, మూడు నెలల్లో చీమ కదిలినా అరుస్తాయి. మీ అత్త చేపల పులుసు కూడా పంపుతుంది, రాత్రికి అన్నం ఒక్కటి వండి ఉంచు. మూడింటికి నీళ్ళు చూడ్డానికి లేచేటప్పుడు నన్ను కూడా లేపు, నిద్ర పాడవుతుందని మొహమాటపడకు.

వేళ్ళ సంగతి మాత్రం మీ అమ్మకు చెప్పకు. సోమవారం తనను కూడా గుంట దగ్గరికి రమ్మందాం, అప్పుడు నేనే చెప్తాను.

మీ మామయ్య